మూసాడ రేవులో ఒక దీర్ఘం

యజ్ఞనారాయణకు నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. జ్వరం కాదు, అజీర్తి కాదు. ఒక దీర్ఘం. ఒక అక్షరానికి దీర్ఘం ఉందా లేదా అన్న దగ్గర అతని బతుకు ఆగిపోయింది.

ఆ బెంగతోనే ఒక ఉదయం గురువుగారి పాకకు వెళ్ళాడు. గురువుగారు చిరిగిన చాపను ఈతాకుతో కుట్టుకుంటున్నారు. సన్యాసం పుచ్చుకున్నప్పుడు ఆయనకు బారెడు పొడుగు పేరొకటి పెట్టారట. ఊరివాళ్ళకు అంత తీరిక లేక పాకస్వామి అన్నారు. ఆయన దానికే పలికేవారు.

"గురువుగారూ, ఉన్నదాన్ని ఉన్నట్టు రాస్తే అబద్ధమవుతుందా?" అన్నాడు యజ్ఞన్న.

"ఉంటే మళ్ళీ రాయడం దేనికి?" అన్నారు ఆయన, ఈతాకు పంటితో తెంపుతూ.

"పలుకుతాం. కానీ కంటికి కనిపించదు."

"ఆ కొస కాస్త లాగి పట్టుకో," అన్నారు. చాప సంగతి. యజ్ఞన్న లాగి పట్టుకున్నాడు. అంతకు మించి ఆ పూట జవాబు రాలేదు.

అతని ప్రశ్న అర్థం కావాలంటే ముందు ఊరి గొడవ చెప్పుకోవాలి. అదేమంత చిన్నది కాదు.

ఊరి పేరు మూసాడ. ఏటి ఒడ్డున కోట, కోట చుట్టూ పేట, పేట చివర చాకిరేవు. చాలా పాత పట్నం. ఎంత పాతదంటే, ముందు చెప్పినవాడి లెక్కకు ఇంకో వందేళ్ళు కలిపి చెప్పడం అక్కడ మర్యాద. అంతా బాగానే ఉంది గానీ ఆ పేరే పొరుగువాళ్ళకు వేళాకోళం. దారిలో ఎవరైనా "మూసాడ ఎంత దూరం?" అని అడిగితే, "ఎవరు మూశాడు? ఏం మూశాడు?" అని ఎదురు ప్రశ్న వేసి నవ్వేవారు. దానికి విరుగుడుగా ఊరివాళ్ళొక కథ కట్టుకున్నారు. పూర్వం శత్రువులు వస్తున్నారని తెలిసి ఒక రాజు కోట తలుపులు స్వయంగా తన చేతులతో మూశాడట, అందుకని ఆ పేరట. ఏ రాజు, ఏ శత్రువులు అని నిలదీస్తే చెప్పేవాడికి హఠాత్తుగా ఇంట్లో పని గుర్తొచ్చేది.

ఆ ఊరి దొర సూరపరాజుగారు పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడల్లా వియ్యాలవారి నోట ఈ హాస్యం విని విని విసిగిపోయాడు. గాలివానకు కూలిన కోట ద్వారాన్ని కొత్తగా కట్టించాక, పైన పలక మీద ఊరి అసలు పేరు, మొట్టమొదటి పేరు చెక్కిస్తానన్నాడు. ఆ పేరు వెతికే పని యజ్ఞన్న నెత్తిన వేసుకున్నాడు. అతనికి అక్షరాల పిచ్చి. పాత తాటాకు కనిపిస్తే విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళే రకం.

వెతికిన కొద్దీ తవ్వుకుంటూ పోవలసి వచ్చింది. మూసాడకు ముందు సర్కారు దస్త్రాలలో అది మూసాబాదు. ఆ మూసా ఎవరని అడిగితే చెప్పగలవాడు లేడు. జరిగింది వేరు. ఊళ్ళ పేర్లు రాసుకోవడానికి వచ్చిన ఫారసీ గుమాస్తాకు ఎవరో మూషికవాటి అని చెప్పారు. ఆయన తన చెవికి తెలిసిన మూసా దగ్గర ఆగి, మిగతాది తన అలవాటు ప్రకారం పూర్తి చేసుకున్నాడు. అంటే అంతకు ముందు మూషికవాటి. ఆ పేరు రాగిశాసనాలలో ఉంది. అది పండితులు పెట్టినది. అప్పటికి జనం ఎలుకవాడ అంటుంటే, రాజుగారి దానశాసనంలో ఎలుక అని రాయడానికి సిగ్గుపడి సంస్కృతం తొడిగారు. సంస్కృతంలోకి పోయాక ఎలుకకు కూడా గౌరవం వస్తుంది. ఆ గౌరవంతో ఒక వినాయకుడి గుడి వెలిసింది. గుడి ముందు దూడంత రాతి ఎలుక. దాని చెవిలో కోరిక చెప్పి, ముందు ఉండ్రాళ్ళు పెడితే నెరవేరుతుందని నమ్మకం. ఆ ఉండ్రాళ్ళ హక్కుదారు అర్చకుడు కొండుభట్టు. వాళ్ళ వంశం పద్నాలుగు తరాలుగా ఎలుకను నమ్ముకుని బతికింది.

మరి ఎలుకవాడకు ముందు?

అది యజ్ఞన్నకు చాకిరేవులో దొరికింది. రేవులో నూకాలు బట్టలుతికే బండ ఉంది. ఆమె అత్తగారి అత్తగారు కూడా దాని మీదే ఉతికింది. ఒకరోజు నూకాలు దుప్పటి లేవనెత్తినప్పుడు బండ అంచున గీతలు కనిపించాయి. యజ్ఞన్న పంచె ఎగగట్టి నీళ్ళలో దిగాడు.

"ఏటి బాబూ, ఏదైనా పారేసుకున్నావా?" అంది నూకాలు.

"లేదమ్మా, దొరికింది! కాస్త జరుగు, కాస్త జరుగు!"

బండ మీద పాత లిపిలో ఐదు అక్షరాలు. ఎలికవాడ. యజ్ఞన్న ఒళ్ళు పులకరించింది. ఏలిక అంటే ప్రభువు. ఏలిక ఉండే వాడ ఏలికవాడ! జనం నోట ఏలిక నలిగి నలిగి ఎలుక అయింది. తడి పంచెతోనే దొరగారి కోటకు పరుగెత్తాడు.

సూరపరాజుగారు ఆ పేరు రెండు మూడుసార్లు పైకి అనుకుని చూసుకున్నాడు. "ఏలికవాడ. వినడానికి హాయిగా ఉందయ్యా. ఇప్పుడు చెప్పమను వాళ్ళని, ఎవరు మూశాడో!" అని, అక్కడికక్కడే యజ్ఞన్నకు ఆస్థాన పండితుడి పదవి, కోట వీధిలో ఇల్లు ఇస్తానన్నాడు.

అప్పుడు కొండుభట్టు లేచాడు. "మహాప్రభూ, ఆ అక్షరానికి దీర్ఘం ఉందా? ఒక్కసారి పండితుణ్ణి అడగండి."

గొడవంతా ఇక్కడే. ఆ కాలపు లేఖకులు ఎకారానికీ ఏకారానికీ తేడా చూపేవారు కాదు. రెంటికీ ఒకటే గుర్తు. చదివేవాడు సందర్భాన్ని బట్టి పొట్టిగానో పొడుగ్గానో పలుకుకోవాలి. దీర్ఘంతో పలికితే ప్రభువు. దీర్ఘం లేకపోతే ఎలిక, అంటే ఎలుకే. ఇప్పటికీ చాలామంది ఎలిక అనే అంటారు.

"అయితే నేను ప్రభువునా, ఎలుకనా?" అన్నాడు దొర.

సభలో ఒకడు దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలిసింది. దొర ముఖం కందగడ్డ అయింది.

"ఏకాదశినాడు రేవుకు నేనే వచ్చి చూస్తాను. దీర్ఘం నా కంటికి కనిపిస్తే పదవి నీది, యజ్ఞన్నా. కనిపించకపోతే, నలుగురిలో నన్ను ఎలుకను చేసినందుకు నువ్వు ఈ ఊరు విడిచి పోవాలి."

ఇదీ సంగతి. ఏకాదశి ఎల్లుండికి వచ్చింది. దీర్ఘం మాత్రం రాలేదు. వెళ్ళి ఎన్నిసార్లు చూసినా ఆ అక్షరం నెత్తి బోసిగానే ఉంది. దాని తలమీద గోరంత కొమ్ము ఒకటి ఉంటే చాలు. అబద్ధం కూడా కాదు గదా! లేఖకుడి మనసులో ఉన్నదే, కాలం మర్యాద వల్ల రాయలేదు. ఇలా అనుకున్న కొద్దీ యజ్ఞన్నకు తన మాట న్యాయంగానే తోచింది. శిల్పుల వీధికి వెళ్ళి, మంచం కోడుకు రంధ్రం చేయాలని చెప్పి ఒక ఉలి అడిగి తెచ్చుకున్నాడు. అది రాతి ఉలి అని, కర్రకు పనికిరాదని శిల్పి చెప్పినా వినిపించుకోలేదు.

దశమినాడు మిట్టమధ్యాహ్నం. ఆ వేళకు రేవు ఖాళీగా ఉంటుంది. చాకలివాళ్ళు అన్నాలకు పోతారు. యజ్ఞన్న ఉలిని ఉత్తరీయం కింద దాచుకుని, జపానికి వెళ్ళేవాడిలా పెదవులు కదుపుతూ గట్టు దిగాడు.

రేవు ఖాళీగా లేదు. నూకాలు, ఆమె మగడు, ఇద్దరు మరుదులు, వాళ్ళ బావమరిది, అందరూ బండ చుట్టూ మూగి ఉన్నారు. వాళ్ళ మధ్యలో గోచీ బిగించి, మోకాలి లోతు నీళ్ళలో గురువుగారు.

"వచ్చావా! మంచి సమయానికి వచ్చావు. ఒక చెయ్యి తక్కువైంది," అన్నారు ఆయన.

"ఏం... ఏం చేస్తున్నారు గురువుగారూ?"

"బండ అరిగిపోనాది బాబూ," అంది నూకాలు. "గుడ్డ ఏస్తే జారిపోతంది. రెండో పక్కకి తిప్పుకుందారంటే స్వామి కూడా సాయానికొచ్చారు. మా మాంగారి కాలంనుంచీ అనుకుంటన్నదే."

"తిప్పడమా!" యజ్ఞన్న గొంతు కీచుగా వచ్చింది. "వద్దు! రేపు దొరగారు వస్తున్నారు ఈ బండ చూడ్డానికి!"

"సూడనీ. బండ ఎక్కడికీ పోదు గదా."

"అక్షరాలు కిందికి పోతాయే!"

"అచ్చరాల మీద నానెప్పుడూ ఉతకలేదు బాబూ, బండ మీదే ఉతికినాను. దొరగారి అంగీలు ఎల్లుండికియ్యాల. జారే బండ మీద ఎట్టా ఉతకమంటావు?"

యజ్ఞన్న గురువుగారి వైపు చూశాడు. ఆయన బండ కింద చేయి పెట్టి సందు ఎంతుందో చూసుకుంటున్నారు. "గడ్డపార దూరుతోంది గానీ లేచాక మళ్ళీ కూచుంటోంది. కింద చీలిక ఒకటి పెట్టాలి. ఇందాకటి నుంచీ వెతుకుతున్నాం, గట్టిది దొరకలేదు." తలెత్తి అడిగారు, "నీ ఉత్తరీయం కింద అదేమిటి?"

అబద్ధం చెప్పడానికి చాలా దారులున్నాయి. యజ్ఞన్నకు ఒక్కటీ తోచలేదు.

"ఉలి," అన్నాడు.

"భలే. ఇటివ్వు."

దేనికని గాని, ఎక్కడిదని గాని ఆయన అడగలేదు. ఉలి అందుకుని, వేలితో మొన చూసి, బండ కింద సందులోకి దోపారు. గడ్డపార మీద మగవాళ్ళు వాలారు. "ఊఁ, పట్టు యజ్ఞన్నా, భుజం పెట్టు!" యజ్ఞన్న భుజం పెట్టాడు. తన పదవికి, తన ఇంటికి, తన దీర్ఘానికి తానే భుజం పెట్టి నెట్టాడు. బండ ఒక్క ఊపున లేచి, నిలబడి, వాళ్ళందరినీ ఒక క్షణం భయపెట్టి, అవతలికి పడింది. బురద నీళ్ళు అందరి ముఖాల మీదా చిమ్మాయి. ఏలికో ఎలుకో అందులో కూరుకుపోయింది.

నూకాలు నాలుగు కుండల నీళ్ళు గుమ్మరించింది. బురద జారింది. కింద నుంచి, ఎన్ని వందల ఏళ్ళుగానో వెలుగు చూడని పక్క బయటపడింది.

దాని మీద కూడా అక్షరాలున్నాయి.

యజ్ఞన్న బండ మీదికి వంగాడు. వేలితో ఒక్కొక్క గీత తడిమాడు. ఆ లిపిని అతనెన్నడూ చూడలేదు. మొదటి పక్క రాసినవాళ్ళకు కూడా అది తెలిసి ఉండదు. తెలియకే వెనక్కి తిప్పి తమ పేరు చెక్కుకున్నారు.

"ఏమంటుంది?" అన్నారు గురువుగారు.

యజ్ఞన్న వేలు మళ్ళీ మొదటి గీత దగ్గరికే వెళ్ళింది. ఆయన మొహం కడుక్కుని వెళ్ళిపోయారు.

సాయంకాలానికి భయం తగ్గి, దాని స్థానంలో ఒక ఆలోచన వచ్చింది. తనకు చదవరాదు. నిజమే. కానీ ఈ పట్నంలో ఇంకెవరికి వచ్చు? కొండుభట్టుకు రాదు. దొరగారికి ఉన్న లిపే సరిగా రాదు. ఇంక ఉలితో పనేమిటి? నోటితో చెబితే చాలు. పైగా చూస్తే, ఆ అక్షరాలలో రెండోది పైకి లేచి వంగి ఉంది. అచ్చం రాజదండంలా లేదూ? దాని పక్కది కిరీటం. రాజదండం, కిరీటం. ఏలిక! చూసిన కొద్దీ అతనికి అది మరీ స్పష్టంగా కనిపించసాగింది. తెల్లారేసరికి దొరగారి ముందు చెప్పవలసిన మాటలు కంఠతా వచ్చేశాయి.

ఏకాదశినాడు రేవంతా జనం. దొర పల్లకి దిగాడు. వెనకే కొండుభట్టు, పట్టుపంచె తడవకుండా రెండు చేతులతో ఎత్తిపట్టుకుని. బండ తిరగబడిందని తెలియగానే అతను గొల్లుమన్నాడు.

"మోసం ప్రభూ! దీర్ఘం లేదని బయటపడుతుందని బోర్లించాడు! బోయీలున్నారు గదా, వెంటనే వెనక్కి తిప్పించండి!"

సూరపరాజుగారు బండ వంక చూశాడు. చుట్టూ ఉన్న జనం వంక చూశాడు. "నేను ఎలుకనో కాదో తేల్చే పక్క బురదలోనే ఉండనీ," అన్నాడు నెమ్మదిగా. "దానికంటే ఇదే పాతదంటున్నారు గదా. పాత పేరే నాకు కావాలి. ముందు నువ్వు చదువు, భట్టూ."

కొండుభట్టు దీనికి సిద్ధంగా రాలేదు. అయినా పద్నాలుగు తరాల ఉండ్రాళ్ళు కళ్ళ ముందు మెదిలి ఉండాలి. వంగి, కళ్ళు చికిలించి చూశాడు. ముఖం విప్పారింది.

"ఇందులో చదవడానికేముంది ప్రభూ! పసిపిల్లలు కూడా చెబుతారు. ఇదిగో, ఈ రెండోది, పైకి లేచి వంగింది చూశారా? తోక! దాని పక్కన ఈ గీతలు మీసాలు. సాక్షాత్తూ మూషికం. నేను ముందునుంచీ చెబుతున్నదే!"

యజ్ఞన్న అతని వేలి వంక చూశాడు. ఆ వేలు సరిగ్గా తన రాజదండం మీద ఉంది. మీసాలన్నది తన కిరీటం.

అతనికి ముందు కోపం వచ్చింది. మరుక్షణం, ఆపుకోవాలన్నా ఆగకుండా, నవ్వు వచ్చింది. దొరగారి ఎదట నవ్వకూడదని పంటితో పెదవి నొక్కిపట్టాడు. భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

"ఇందులో నవ్వేముంది? నువ్వు చదువు," అన్నాడు దొర.

కంఠతా వచ్చిన మాటలన్నీ నాలిక చివర ఉన్నాయి. నూకాలు కూడా చేతిలో గుడ్డ ఆపి చూస్తోంది. కాస్త ఎగువన గురువుగారు ఇటు తిరగకుండా తన పంచె జాడించుకుంటున్నారు.

"తెలియదు ప్రభూ," అన్నాడు యజ్ఞన్న.

"దీర్ఘం ఉందా లేదా? అది చెప్పు."

"దీర్ఘం మాట దేవుడెరుగు. ఇది ఏ భాషో కూడా తెలియదు."

"ఎప్పటికి తెలుస్తుంది?"

"అదీ తెలియదు."

కొండుభట్టు చప్పట్లు కొట్టబోయి, చేతులు వదిలితే పంచె తడుస్తుందని మానుకున్నాడు. "విన్నారుగా ప్రభూ! ఊరి పేరు చదవలేనివాడికి ఊళ్ళో చోటేమిటి? వెళ్ళగొట్టండి!"

సూరపరాజుగారు మీసం దువ్వుకున్నాడు. "మా తాతగారి కాలం నుంచీ పండితులను పోషిస్తున్నాం," అన్నాడు. "తెలియదనే మాట మా ఆస్థానంలో ఇంతవరకు వినలేదు. వినడానికి కొత్తగా ఉంది. పదవి లేదు, ఇల్లూ లేదు యజ్ఞన్నా. ఊళ్ళో మాత్రం ఉండు. ఇంకోసారి అవసరం పడవచ్చు."

యజ్ఞన్న నమస్కరించాడు. ఇన్ని రోజుల తరవాత మొదటిసారి అతనికి ఆకలి వేసింది. వేసింది ఏకాదశినాడు.

దొర పల్లకి ఎక్కబోయి ఆగాడు. ద్వారం మీద పలక ఖాళీగానే ఉందన్న సంగతి గుర్తొచ్చింది. నీళ్ళ అంచుదాకా వచ్చి చేతులు జోడించాడు.

"స్వామీ, మీరైనా సెలవివ్వండి. శిల్పులు ఉలులు పట్టుకుని కూర్చున్నారు. ఇంతకీ ఏ పేరు చెక్కించమంటారు?"

పాకస్వామి పంచె ఒక కొస తానే పట్టుకుని మెలితిప్పుతున్నారు.

"ఏ పేరైనా పరవాలేదు. కాస్త లోతుగా చెక్కించండి. ఆ పలక కూడా ఈ రేవుకు వచ్చేనాటికి మరీ నున్నబడితే బట్ట నిలవదు."

దొర అర్థం కాక యజ్ఞన్న వంక చూశాడు. యజ్ఞన్న అప్పటికే నీళ్ళలో దిగి, పంచె రెండో కొస అందుకుని, అటువైపు మెలి తిప్పుతున్నాడు.